అరోరా అయిపోయిందని అందరూ కారెక్కాక మొదలయ్యేది

2024 మే 10 రాత్రి గుర్తుందా, అమెరికాలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ ఒక్కసారిగా అరోరా, అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు, దాని గులాబీ, ఆకుపచ్చ ఫోటోలతో నిండిపోయాయి. మినెసోటా, మిషిగన్ సంగతి సరే, టెక్సస్‌లో ఉన్నవాళ్ళు కూడా పెరట్లో నిలబడి ఫోన్ పైకెత్తి తీసినవి పంపారు, 2003 అక్టోబర్ తర్వాత జీ5 స్థాయి, అంటే అన్నిటికన్నా తీవ్రమైన స్థాయి మాగ్నెటిక్ తుఫాను రావడం అదే మళ్ళీ. నాకు ఈ విషయం మీద పిచ్చి ఉందని తెలిసినవాళ్ళందరూ అప్పట్నించీ అడిగేది ఒకటే, పచ్చగా ఎందుకుంది, ఎర్రగా ఎందుకుంది అని. మంచి ప్రశ్నే కానీ దానికి జవాబు నాలుగు ముక్కల్లో అయిపోతుంది. నేను ఎదురుచూసే ప్రశ్న వేరే ఉంది. అది అలా తెరలాగా ఎందుకు వేలాడుతుంది, మడతలు ఎందుకు పడుతుంది, తెల్లవారుజామున ముక్కలు ముక్కలుగా విడిపోయి ఒక్కో ముక్క వెలిగి ఆరుతూ ఎందుకుంటుంది? ఆకాశం మొత్తం ఒకేలా మెరిసి ఊరుకోవచ్చు కదా, ఆ ఆకారాలు ఎక్కడ తయారవుతున్నాయి?

ఈ పోస్టు దాని గురించే. ముఖ్యంగా ఆ చివర చెప్పిన వెలిగి ఆరే ముక్కల గురించి, ఎందుకంటే అరోరా చూడ్డానికి అంత దూరం, అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళినవాళ్ళలో చాలామంది సరిగ్గా అది మొదలయ్యే టైముకే హోటల్‌కి వెళ్ళిపోతున్నారు, నా లెక్కలో అసలు ఉండి చూడాల్సింది అదే.

రంగుల సంగతి ముందు చెప్పేస్తా. పైనుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ పరమాణువుల్ని గుద్దినప్పుడు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో 557.7 నానోమీటర్ల పచ్చ వెలుగు వస్తుంది, 200 కిలోమీటర్ల పైన గాలి బాగా పల్చబడ్డచోట అదే ఆక్సిజన్ 630 నానోమీటర్ల ఎరుపు ఇస్తుంది, నైట్రోజన్ వాటా నీలం, ఊదా, బాగా కిందికి దిగినప్పుడు అంచున కనపడే గులాబీ. ఇందులో ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, దెబ్బ తిన్న ఆక్సిజన్ పరమాణువు వెంటనే వెలుగు వదలదు, పచ్చకి సుమారు 0.7 సెకను పడుతుంది, ఎరుపుకి ఏకంగా 110 సెకన్ల దాకా పడుతుంది. ఈ రెండు అంకెలతో ముందుముందు పని ఉంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఎక్కడ చదివినా "సూర్యుడి నుంచి వచ్చిన కణాలు మన వాతావరణాన్ని గుద్దుకోవడం వల్ల అరోరా వస్తుంది" అని ఉంటుంది, అది సగమే నిజం. సోలార్ విండ్, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల గాలి, సెకనుకి దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో వస్తుంది నిజమే, కానీ దాంట్లోని ఎలక్ట్రాన్లకి ఉండే శక్తి పదుల ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే (కణాల శక్తిని కొలిచే లెక్క ఇది) ఉంటుంది, మనకి పచ్చ తెర కట్టే ఎలక్ట్రాన్లకి వేలల్లో ఉంటుంది. పైగా నేరుగా వచ్చి పడేవే అయితే పగటి వైపు ఎక్కువ పడాలి, మనం చూసే గట్టి అరోరా అర్ధరాత్రి వైపున కదా. జరిగేదేంటంటే సోలార్ విండ్ మోసుకొచ్చే మాగ్నెటిక్ ఫీల్డ్ భూమి ఫీల్డ్‌తో ముడిపడి, ఆ ఫీల్డ్ లైన్లని వెనక్కి, చీకటి వైపుకి, చంద్రుడి కక్ష్య దాటి పోయేంత పొడుగున లాక్కుపోతుంది. మాగ్నెటోటెయిల్, అంటే భూమి మాగ్నెటిక్ తోక అంటారు దాన్ని. అక్కడ శక్తి పోగవుతుంది, పోగై పోగై ఒక దశలో లైన్లు తెగి మళ్ళీ కొత్తగా అతుక్కుంటాయి, ఆ దెబ్బకి అక్కడున్న ప్లాస్మా (చార్జి ఉన్న కణాల వాయువు) భూమి వైపు విసిరేసినట్టు వస్తుంది. 1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ డంజీ వేసిన బొమ్మ ఇదే, ఇప్పటికీ ఈ సబ్జెక్టుకి పునాది అదే. సూర్యుడు పెట్టుబడి పెడతాడు, వేడెక్కించి వేగం పెంచే పని మాత్రం భూమి చుట్టుపక్కలే జరుగుతుంది.

ఇక ఆకారాల్లోకి వద్దాం. ప్లాస్మా అంటే ఎలక్ట్రాన్లు విడిగా, అయాన్లు విడిగా తిరిగే స్థితి, చార్జి ఉంది కాబట్టి ఇవి మాగ్నెటిక్ ఫీల్డ్ లైన్ చుట్టూ గిర్రున తిరుగుతూ ఆ లైన్ వెంబడే జారతాయి, ఒక లైన్ వదిలి పక్క లైన్ మీదకి దూకడం చాలా తక్కువ. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా దారిన పడుతుంది. అక్కడెక్కడో వేల కిలోమీటర్ల అవతల ఒక చిన్న చోట ఏదైనా జరిగితే, ఆ చోటు గుండా పోయే లైన్ కొస మన నెత్తిమీద ఎక్కడ దిగుతుందో సరిగ్గా అక్కడ మెరుస్తుంది. పక్కన ఏమీ జరక్కపోతే పక్కన చీకటి. అంటే ఆకాశంలో మీరు చూసే ప్రతి అంచూ, ప్రతి మడతా పైన జరిగేదానికి మ్యాపు. ఆ మ్యాపు నేల మీద నిలబడి ఉత్త కళ్ళతో చదవొచ్చు అనేది తెలిసిన రోజు నుంచి నాకు అరోరా మీద మోజు రెట్టింపైంది.

తెర సంగతి చూడండి. తూర్పు పడమరలుగా వేల కిలోమీటర్ల పొడుగు ఉండే వెలుగు పట్టీ, ఆర్క్ అంటారు, మందం మాత్రం కొన్నిసార్లు 100 మీటర్లే ఉంటుంది. అంత సన్నగా ఎలా వస్తుంది? నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కలాండ్ 1902-03 చలికాలంలో ఆర్కిటిక్‌లో కూర్చుని మాగ్నెటిక్ కొలతలు తీసి, కరెంటు ఆకాశం నుంచి ఫీల్డ్ లైన్ల వెంబడి కిందికి దిగి మళ్ళీ పైకి పోతోందని చెప్పాడు, లాబ్‌లో ఒక గోళానికి లోపల మాగ్నెట్ పెట్టి శూన్యంలో దాని చుట్టూ వెలుగు వలయాలు తెప్పించి చూపించాడు కూడా. చాలామంది పెద్దలు ఒప్పుకోలేదు, ఆయన 1917లో పోయాడు, 1960ల్లో ఉపగ్రహాలు పైకి వెళ్ళి కొలిచాక గానీ ఆ కరెంట్లు నిజమని తేలలేదు. ఇప్పుడు వాటిని ఆయన పేరుతోనే బిర్కలాండ్ కరెంట్లు అంటున్నారు, నార్వే వాళ్ళు 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు. బతికుండగా చూసుంటే ఎంత బావుండేదో అనిపిస్తుంది నాకు.

ఆ కరెంటు మోయడానికి పైన ఎలక్ట్రాన్లు చాలనప్పుడు, కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తున ఫీల్డ్ లైన్ వెంబడే ఒక వోల్టేజి తేడా ఏర్పడుతుంది, ఎలక్ట్రాన్లు ఆ తేడా దాటి పడేసరికి ఒక్కోటీ కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టులు కూడగట్టుకుంటుంది. 1970ల మొదట్లో ఉపగ్రహాలు ఇలాంటి చోటు దాటుతూ ఎలక్ట్రాన్ల శక్తిని గ్రాఫ్ గీస్తే అంచుల్లో తక్కువ, మధ్యలో ఎక్కువ, మళ్ళీ అంచులో తక్కువ, తిరగేసిన వీ అక్షరంలా వచ్చింది, అందుకని దానికి ఇన్వర్టెడ్-వీ అనే పేరు స్థిరపడింది. నిలకడగా, కదలకుండా ఉండే ఆర్క్‌కి ఎక్కువగా ఇదే కారణం.

కానీ సన్నగా, చకచకా కదులుతూ నిలువు గీతలతో డాన్స్ చేసే తెరల్లో ఇంకోటి కూడా పనిచేస్తుంది, ఆల్వెన్ తరంగాలు. స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్వెన్ 1942లో ఇవి ఉండాలని రాశాడు, 1970లో నోబెల్ వచ్చింది. ఫీల్డ్ లైన్‌ని పక్కకి లాగి వదిలితే ఆ కదలిక లైన్ వెంబడి ప్రయాణిస్తుంది, తోకలో లైన్లు తెగి అతుక్కున్నప్పుడు పుట్టిన ఈ తరంగాలు భూమి వైపు వస్తూ, సరైన వేగంలో ఉన్న ఎలక్ట్రాన్లకి తమ శక్తిని అప్పగిస్తాయి. ఇది నిజంగా జరుగుతుందని చూపించడానికి అంతరిక్షంలో తరంగాన్నీ ఎలక్ట్రాన్లనీ ఒకేచోట పట్టుకోవడం చాలా కష్టం, అందుకని లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్ఏ యూనివర్సిటీ దగ్గరున్న 20 మీటర్ల ప్లాస్మా గొట్టంలో ఆల్వెన్ తరంగాల్ని పంపి, ఎలక్ట్రాన్ల వేగం ఎలా మారిందో కొలిచారు, 2021లో ఫలితం వచ్చింది, లెక్కకి సరిపోయింది. ఎన్నో ఏళ్ళ నాటి ఆలోచనకి నేల మీద, ఒక గొట్టంలో రుజువు దొరకడం గొప్ప విషయం, ఆ వార్త చదివిన రోజంతా నేను ఎవరికి ఫోన్ చేసినా అదే చెప్పాను.

మడతలు, సుడులు ఎలా వస్తాయంటే, సన్నటి ఎలక్ట్రాన్ తెరకి రెండు పక్కలా ఎలక్ట్రిక్ ఫీల్డ్ వ్యతిరేక దిశల్లో ఉంటుంది కాబట్టి ప్లాస్మా ఒక పక్క తూర్పుకి, ఇంకో పక్క పడమరకి పారుతుంది, ఒకదాన్నొకటి రాసుకుంటూ ఎదురెదురుగా పారే రెండు ప్రవాహాల మధ్య సుడులు పడక తప్పదు. కొన్ని కిలోమీటర్ల సైజు కర్ల్స్ వరసగా కనపడితే ఆ రాపిడిని మీరు చూస్తున్నట్టే.

ఇప్పుడు రాత్రి మొత్తం కథ ఒకసారి చెప్పాలి, లేకపోతే ముక్కల దగ్గరకి రాలేను. 1957-58లో ఇంటర్నేషనల్ జియోఫిజికల్ ఇయర్ అని ప్రపంచమంతా కలిసి కొలతలు తీశారు, ఆకాశం మొత్తాన్ని ఒకే ఫ్రేములో పట్టే కెమెరాలు ఉత్తరాన వరసగా పెట్టారు. అలాస్కాలో ఉన్న శాస్త్రవేత్త స్యున్-ఇచి అకసొఫు ఆ ఫిల్ములన్నీ పక్కపక్కన పెట్టి చూసి 1964లో తేల్చిందేంటంటే, అరోరా తన ఇష్టం వచ్చినట్టు ఆడట్లేదు, దానికి ఒక వరస ఉంది. మొదట నిశ్శబ్దంగా ఆర్క్, తర్వాత భూమధ్యరేఖ వైపున్న ఆర్క్ ఉన్నట్టుండి ప్రకాశవంతమై పగిలి ధ్రువం వైపు ఎగబాకడం, పడమర దిక్కుగా పెద్ద అల ఒకటి దూసుకుపోవడం, ఆ తర్వాత మెల్లగా చల్లారడం. సబ్‌స్టార్మ్ అని పేరు పెట్టాడు. పగలడానికి నిమిషం రెండు నిమిషాల ముందు ఆర్క్ మీద పూసలు గుచ్చినట్టు ఒకే దూరంలో వెలుగు చుక్కలు వస్తాయి, బీడ్స్ అంటారు, తోకలో ప్లాస్మా అస్థిరమై అలలు పడుతోందని దానర్థం. 2007 ఫిబ్రవరిలో నాసా ఐదు ఉపగ్రహాల్ని థెమిస్ పేరుతో పంపింది, కింద కెనడా, అలాస్కాల్లో కెమెరాలు వరసగా పెట్టింది, అసలు మొదట ఎక్కడ మొదలవుతుంది అన్న తగాదా తేల్చడానికి. 2008 ఫిబ్రవరి 26న పట్టుకున్న ఒక సబ్‌స్టార్మ్‌లో ముందు తోకలో దూరంగా లైన్లు తెగి అతుక్కున్నాయి, తర్వాత అరోరా పగిలింది. ప్రతిసారీ ఇలాగేనా అనేదాని మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది, నడవాలి కూడా.

పగిలే ఆ పది పదిహేను నిమిషాలే టూరు వాళ్ళు అమ్మేది. చూసినవాళ్ళు కేకలు పెడతారు, కొందరు ఏడుస్తారు, తప్పులేదు, అంత బావుంటుంది. తర్వాత తెరలన్నీ కరిగిపోయి ఆకాశమంతా మసక పచ్చ మబ్బులాగా మిగులుతుంది. ఫోన్‌లో ఫోటో తీస్తే ఏమీ లేనట్టే వస్తుంది. అందరూ సామాను సర్దేస్తారు.

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ బయట మర్ఫీ డోమ్ అనే కొండ మీద ఒక మార్చి నెలలో మేమూ అక్కడే ఉన్నాం, రాత్రి రెండు దాటింది, పార్కింగ్‌లో కార్లు ఒక్కోటీ దిగిపోతున్నాయి. మా బావమరిది చేతులు జేబుల్లో పెట్టుకుని గెంతుతూ "బావా, అయిపోయినట్టుంది, ఇంక పద, కాళ్ళు తెలియట్లేదు నాకు" అన్నాడు. "ఒక్క పది నిమిషాలు ఆగరా, ఫోన్ లోపల పెట్టి ఉత్తినే చూడు" అన్నాను. వాడికి ఇష్టం లేకపోయినా నిలబడ్డాడు. కాసేపటికి వాడే నా భుజం పట్టుకుని ఊపాడు, "అదిగో బావా, ఆ చెట్టు కొసకి పైన, ఒక ముక్క ఉండింది, ఆరిపోయింది, మళ్ళీ అక్కడే వచ్చింది, అదే షేపులో వచ్చింది!" అరచెయ్యంత ముక్క, ఒక పక్క కొంచెం నొక్కుకుపోయినట్టుంది, ఆరితే పూర్తిగా చీకటి, వెలిగితే అదే నొక్కు అక్కడే. వాడు పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఒకటి, రెండు, మూడు, ఎనిమిదికి మళ్ళీ వెలిగింది. పక్క ముక్క వేరే లెక్కలో నడుస్తోంది, దానికి దీనికి సంబంధం లేదు. కళ్ళు అలవాటుపడేకొద్దీ ఆకాశం నిండా అవే, ఒక్కోటీ తన సొంత తాళంలో. తర్వాత వెళదాం అని వాడు అడగలేదు.

పల్సేటింగ్ అరోరా అంటారు దీన్ని. ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారే వైపు, సబ్‌స్టార్మ్ చల్లారే దశలో వస్తుంది, ఒక్కో ముక్క పదుల కిలోమీటర్ల నుంచి వంద దాకా ఉంటుంది, ఎత్తు 100 కిలోమీటర్ల చుట్టుపక్కల, వెలిగి ఆరే కాలం రెండు సెకన్ల నుంచి పదుల సెకన్ల దాకా. ఎందుకు సరిగ్గా అప్పుడే, అక్కడే? సబ్‌స్టార్మ్‌లో తోక నుంచి లోపలికి వచ్చి పడ్డ ఎలక్ట్రాన్లు భూమి మాగ్నెటిక్ ఫీల్డ్‌లో తూర్పు వైపుకి కొట్టుకుపోతాయి, అర్ధరాత్రి నుంచి తూర్పుకి అంటే తెల్లవారే వైపుకి. అంటే మీరు కేకలు పెట్టి చూసిన ఆ పేలుడు సరుకే ఇప్పుడు ఇంకో రకంగా కనపడుతోంది.

ఈ ఎలక్ట్రాన్లు ఉత్తర దక్షిణ ధ్రువాల మధ్య ఫీల్డ్ లైన్ వెంబడి అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి, ధ్రువం దగ్గరికొచ్చేసరికి ఫీల్డ్ గట్టిపడి వెనక్కి తిప్పేస్తుంది, వాతావరణం దాకా రానివ్వదు. భూమధ్యరేఖ పైన ఉన్నప్పుడు ఫీల్డ్ లైన్‌కి రెండు మూడు డిగ్రీల లోపు కోణంలో పోయేవి మాత్రమే కిందికి దిగగలవు, ఆ సన్నటి సందుని లాస్ కోన్ అంటారు. మిగతావి అలా తిరుగుతూనే ఉంటాయి. మరి వాటిని ఆ సందులోకి తోసేదెవరు? కోరస్ తరంగాలు. అక్కడే, భూమధ్యరేఖ దగ్గర పాతిక ముప్పై వేల కిలోమీటర్ల ఎత్తున, అవే ఎలక్ట్రాన్ల అస్థిరత వల్ల పుట్టే విద్యుదయస్కాంత తరంగాలు, ఫ్రీక్వెన్సీ కొన్ని వందల హెర్ట్జ్ నుంచి కొన్ని వేల దాకా, అంటే మన చెవికి వినపడే శ్రేణే, కాకపోతే ఇవి శబ్దం కాదు కాబట్టి రిసీవర్‌తో పట్టి స్పీకర్‌లో వేయాలి. వింటే తెల్లారి పిట్టలు కూసినట్టే ఉంటుంది, ప్రతి కూతా కింద మొదలై పైకి లేస్తుంది, అందుకే ఆ పేరు. దయచేసి ఒకసారి వెతికి వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.

ఎలక్ట్రాన్ గిర్రున తిరుగుతూ తరంగానికి ఎదురు వెళుతున్నప్పుడు, దానికి తరంగం ఫ్రీక్వెన్సీ ఎక్కువగా అనిపిస్తుంది, అది తన తిరుగుడు లెక్కతో కలిసిందంటే ఇంక ఉయ్యాలని సరిగ్గా వెనక్కొచ్చిన ప్రతిసారీ ఒక తోపు తోసినట్టు ప్రతి చుట్టులోనూ తోపు పడుతుంది, చిన్న తోపులే కానీ అన్నీ ఒకే దిక్కులో కాబట్టి కోణం మారిపోయి లాస్ కోన్‌లో పడుతుంది. పడిందంటే సెకనుకి 60 వేల కిలోమీటర్ల వేగంతో, సుమారు ఒక్క సెకనులో మన నెత్తిమీద గాలిలో వచ్చి పడుతుంది. పైన కోరస్ మోగితే కింద ముక్క వెలుగుతుంది, కోరస్ ఆగితే ఆరుతుంది.

ఇది ఊహగా చాలా ఏళ్ళు ఉండింది. 2010లో థెమిస్ ఉపగ్రహం పట్టిన కోరస్ హెచ్చుతగ్గులూ నేల మీద కెమెరాలో ఒక ముక్క హెచ్చుతగ్గులూ ఒకేలా ఉన్నాయని చూపించారు. ఆ తర్వాత 2016 డిసెంబర్‌లో జపాన్ వాళ్ళు అరసె అనే ఉపగ్రహాన్ని పంపారు, ఆ రెండు మూడు డిగ్రీల సందులో ఉన్న ఎలక్ట్రాన్లని విడిగా లెక్కపెట్టగలిగే పరికరంతో. 2018లో ఫలితం అచ్చయింది, కోరస్ లేచినప్పుడల్లా లాస్ కోన్‌లో ఎలక్ట్రాన్లు పెరిగాయి, ఆ లైన్ కొస దిగేచోట నేల మీద కెమెరాలో అరోరా అదే తాళంలో వెలిగింది. పైనున్న కారణం, మధ్యలో ఎలక్ట్రాన్లు, కింద వెలుగు, మూడూ ఒకే లైన్ మీద దొరికాయి. మా బావమరిది ఎనిమిది దాకా లెక్కపెట్టింది దీన్నే.

ఇంకా లోపలికి వెళితే ఇంకా బావుంటుంది. ముక్క వెలిగి ఉన్న ఆ కాసేపట్లో కూడా అది నిలకడగా ఉండదు, సెకనుకి సుమారు మూడుసార్లు వణుకుతుంది. కోరస్‌లో కూడా అంతే, కూతల గుంపు ఒకటి కొన్ని సెకన్లకోసారి వస్తుంది, గుంపు లోపల ఒక్కో కూత సెకనులో కొంత భాగమే ఉంటుంది. గుంపుకి వెలగడం ఆరడం, కూతకి వణుకు. ఇక్కడే ఆ 0.7 సెకను అంకె పనికొచ్చేది, పచ్చ వెలుగు వదలడానికే అంత టైము తీసుకుంటుంది కాబట్టి ఈ వణుకు పచ్చలో అలికిపోతుంది, దాన్ని కొలవాలంటే నైట్రోజన్ ఇచ్చే, ఆలస్యం లేని 427.8 నానోమీటర్ల నీలం లాంటివి ఫిల్టర్ పెట్టి చూస్తారు. ఎరుపుకి 110 సెకన్లు కాబట్టి దానికి మినుకు అనేదే ఉండదు. రంగు గురించి అడిగేవాళ్ళకి నేను చెప్పే మాట ఇది, ఏ రంగు ఎంత త్వరగా వదులుతుందో దాన్నిబట్టే ఏ కదలిక మన కంటికి అందుతుందో తేలుతుంది.

మరి ఆ నొక్కుతో సహా అదే షేపు మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తుంది? కోరస్ ఎక్కడ బాగా పెరుగుతుంది, ఎక్కడి ఎలక్ట్రాన్లతో లెక్క కలుస్తుంది అనేది అక్కడున్న చల్లటి ప్లాస్మా సాంద్రత మీద ఆధారపడుతుంది. ఆ చల్లటి ప్లాస్మా ఎగుడుదిగుడుగా ముద్దలు ముద్దలుగా ఉంటుంది, త్వరగా మారదు, నెమ్మదిగా కొట్టుకుపోతుంది. కోరస్ వస్తూ పోతూ ఉన్నా ఆ ముద్ద అంచులు అవే, కాబట్టి కింద ముక్క అంచులూ అవే. మామూలుగా ఏ టెలిస్కోపుకీ కనపడని ఆ చల్లటి ప్లాస్మా ముద్ద ఆకారం మీ కంటికి కనపడుతోందంటే ఈ ముక్క వల్లే, పైగా అది నెమ్మదిగా ఎటు జరుగుతోందో చూస్తే పైన ప్లాస్మా ఎటు పారుతోందో తెలుస్తుంది.

ఇదంతా చూడ్డానికి అందమే కాదు, పర్యవసానాలు కూడా ఉన్నాయి. అవే కోరస్ తరంగాలు ఫీల్డ్ లైన్ వెంబడి భూమధ్యరేఖ నుంచి దూరంగా, ధ్రువం వైపు పోయాక చాలా ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లని కూడా కిందికి తోస్తాయి, అవి అరోరా ఎత్తు దాటి ఇంకా కిందికి, 60, 70 కిలోమీటర్ల దాకా దిగి అక్కడి ఓజోన్ కెమిస్ట్రీని కదిలిస్తాయి. ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గరే పోకర్ ఫ్లాట్ రాకెట్ కేంద్రం నుంచి 2022 మార్చి 5న నాసా లాంప్ అనే రాకెట్‌ని సరిగ్గా మినుకుతున్న ముక్కల్లోకి ప్రయోగించింది ఈ సంబంధం చూడ్డానికే.

స్టీవ్ అనే ఇంకో రకం వెలుగు గురించి ఒక్క పేరా. కెనడాలో ఆల్బర్టా అరోరా చేజర్స్ అనే ఫోటోగ్రాఫర్ల గుంపు ఊదా రంగు సన్నటి పట్టీ ఒకటి ఎన్నోసార్లు ఫోటో తీసి, శాస్త్రవేత్తలకి చూపించింది, పేరు కూడా వాళ్ళు పెట్టిందే. యూరప్ వాళ్ళ స్వార్మ్ ఉపగ్రహం దాని గుండా పోయినప్పుడు 300 కిలోమీటర్ల ఎత్తున 25 కిలోమీటర్ల వెడల్పు పట్టీ సెకనుకి 6 కిలోమీటర్ల వేగంతో పడమరకి పారుతోందని, అక్కడ వేడి 3000 డిగ్రీలు పెరిగిందని తేలింది. 2018లో రెండు పేపర్లు వచ్చాయి, రెండోదాంట్లో చెప్పిందేంటంటే ఆ ఊదా వెలుగు పైనుంచి పడే ఎలక్ట్రాన్ల వల్ల కాదని. మామూలు జనం ఫోటోల నుంచి కొత్త రకం వెలుగు దొరికిందంటే, ఈ రంగంలో ఇంకా మనబోటి వాళ్ళకి చోటుంది.

మన వైపు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "లదాఖ్‌లో వచ్చింది కదా, హైదరాబాద్‌లో ఎప్పుడొస్తుంది" అని అడుగుతున్నారు. 2024 మేలో లదాఖ్‌లోని హాన్లే ఆకాశంలో కనపడ్డ ఎర్ర వెలుగు ఈ పోస్టులో చెప్పిన తెరల కోవలోది కాదు, స్టేబుల్ అరోరల్ రెడ్ ఆర్క్ అంటారు దాన్ని. తుఫాను టైములో భూమి చుట్టూ రింగులా పారే కరెంటు నుంచి వేడి ఫీల్డ్ లైన్ల వెంబడి దిగి, పైనున్న ఎలక్ట్రాన్లు వేడెక్కి, ఆక్సిజన్ ఎరుపు ఇస్తుంది. మడతల్లేవు, మినుకుల్లేవు, పేరులోనే స్టేబుల్ ఉంది. తెలుగు నేల మాగ్నెటిక్ భూమధ్యరేఖకి మరీ దగ్గర, మనకి ఆకారాలు కనపడవు. కానీ అదే రింగ్ కరెంటు బలపడినప్పుడు ఇక్కడ ఫీల్డ్ తగ్గుతుంది, హైదరాబాద్‌లో, చౌటుప్పల్‌లో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ మాగ్నెటిక్ అబ్జర్వేటరీల్లో ఆ గీత కిందికి పడిపోవడం స్పష్టంగా కనపడుతుంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న ఎగిరిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కూర్చుని, సోలార్ విండ్ మనల్ని చేరడానికి గంట ముందే దాన్ని కొలుస్తోంది, 2024 మే తుఫానుని కూడా కొలిచింది.

వెళ్ళేవాళ్ళకి నా మాట. సోలార్ సైకిల్, అంటే సుమారు పదకొండేళ్ళకోసారి సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే చక్రం, దాని మాగ్జిమమ్ అయిపోయింది, ఇంక అరోరా ఉండదు అని ఎవరైనా అంటే నమ్మకండి. సైకిల్ దిగే ఏళ్ళలో సూర్యుడి మీద కరోనల్ హోల్స్ (సూర్యుడి బయటి పొరలో చీకటిగా కనపడే చోట్లు) నుంచి వేగమైన గాలి 27 రోజులకోసారి తిరిగి తిరిగి వస్తుంది, ఆ గాలి మే 2024 లాంటి భారీ తుఫాను తేకపోయినా రోజుల తరబడి సబ్‌స్టార్మ్‌లు నడిపిస్తుంది, కోరస్‌కి, పల్సేటింగ్ అరోరాకి అదే మంచి కాలం. మార్చి, సెప్టెంబర్ చుట్టుపక్కల వెళితే మాగ్నెటిక్ ఫీల్డ్‌లు ముడిపడే కోణం కలిసొస్తుంది, ఇంకా మంచిది. టూరు బుక్ చేసుకునేటప్పుడు వెనక్కి తెచ్చేది ఎన్నింటికో అడగండి, పన్నెండున్నరకే అంటే ఇంకోటి చూసుకోండి, నాలుగు దాకా ఉంచేవాళ్ళు ఉన్నారు. ఫోన్ నైట్ మోడ్ పది సెకన్లు తెరిచి ఉంచితే వెలగడం ఆరడం రెండూ కలిసి మబ్బు అయిపోతుంది, కాబట్టి మంచి కెమెరా ఉంటే ఐఎస్ఓ పెంచి వీడియో తీయండి, లేకపోతే జేబులో పెట్టేయండి. బూట్లలో వేసుకునే హీట్ ప్యాక్‌లు రెండు జతలు ఎక్కువ తీసుకెళ్ళండి, రెండో సగానికి. తెరలు కరిగాక ఒక ముక్క ఎంచుకుని, చెట్టు కొసో స్తంభమో గుర్తు పెట్టుకుని, దాన్ని వదలకుండా చూస్తూ లెక్కపెట్టండి. మీకు ఎంత వచ్చిందో కింద రాయండి, ఏ ఊళ్ళో, ఎన్ని గంటలకో కూడా.